అక్క ఆర్పని కొవ్వొత్తి

ఇరాక్ మీద బాంబులు పడతా ఉన్న రోజులవి. తిరుపతి నుంచి నా స్నేహితుడు ఫోన్ చేసి, యుద్ధం వద్దని ఆదివారం సాయంత్రం నాలుగు కాళ్ల మండపం కాడ కొవ్వొత్తులు పట్టుకుని నిలబడతా ఉండాము, నువ్వూ రారా అన్నాడు. ఆ మాట మా అక్క చెవిన పడింది. బావ కువైట్‌లో నీళ్ళ ట్యాంకర్ తోలతాడు. యుద్ధం మొదలైనప్పటి నుంచి ఆయన దగ్గర్నుంచి ఫోన్ లేదు.

"నేనూ వస్తా" అనింది అక్క.

"ఆడ నీకేం పనుండాది? కాలేజీ పిల్లోళ్ళు, లెక్చరర్లు వచ్చేది."

"మీరంతా మొక్కుకునేదానికి పోతా ఉంటే నేను ఇంట్లో కూర్చుంటానా?"

మొక్కు కాదక్కా అని ఎంత చెప్పినా వినలేదు. ఆమెతో వాదించేదాని కంటే గోడకు తల కొట్టుకునేది మేలు.

మధ్యాహ్నం మూడు దాటినాక పాకాలలో ప్యాసింజరు ఎక్కినాము. ఎండాకాలంలో పొయ్యేవాళ్ళు ఎడమ పక్క కిటికీకి ఆశపడొద్దు, చంద్రగిరి దాకా ఎండ మొహం మీదే. ఎదురుగా ఒక పెద్దాయన, విరిగిన చెయ్యికి కట్టు మార్పించుకునేదానికి పుత్తూరు పోతా ఉన్నాడు. యాడికమ్మా అని అడిగితే అక్క అంతా చెప్పేసింది.

"ఈడ దీపం పెడితే ఆడ యుద్ధం ఆగతాదా తల్లీ?"

"ఆగకపోతే మానె. ఆయన ఒక్క ఫోన్ చేస్తే చాలు పెద్దాయనా."

ఆయన ఒంటి చేత్తోనే సంచి వెతికి ఒక జామకాయ తీసి అక్కకిచ్చినాడు.

తిరుపతిలో స్టేషన్ ఎదురుగా ఇడ్లీ చెప్పినాను. దీపం పెట్టేదాకా తిననని అక్క ప్లేటు నా వైపు తోసింది. రెండు ప్లేట్లూ నేనే తిన్నాను, ఇడ్లీ బాగుండాది.

మండపం కాడ యాభై మంది దాకా వచ్చినారు. కొవ్వొత్తి అందుకోంగానే అక్క చెప్పులు విడిచింది. ఆమెను చూసి కాలేజీ పిల్లలు కొందరు విడిచినారు. గుండ్లు కొట్టించుకున్న యాత్రికులు ఆగి, ఏం దేవుడప్పా అని అడిగి పోయినారు. కొవ్వొత్తులు వెలిగించుకుని కాసేపు అందరం నిలబడినాము. ఆనక మైకులో ఎవరో, ఇంక అందరం ఒకేసారి ఊదేద్దామన్నారు. ఊదేసినాము. అక్క చేతిలోది మాత్రం వెలగతానే ఉండాది.

"ఊదక్కా."

"దీపాన్ని నోటితో ఆర్పతారా ఎవరైనా? మీ బావ ఆడ ఉండంగా?"

కొంగు అడ్డం పెట్టుకుని అట్లే బస్టాండు దాకా నడిచింది. పాకాల బస్సు కదిలేదానికి సిద్ధంగా ఉండాది. కండక్టరు మంచోడే గానీ, "మంటతో ఎక్కితే నా ఉద్యోగం పోతాదమ్మా, ఆర్పేసి రా" అన్నాడు.

"ఆర్పను. మీరు పోండి నాయనా."

బస్సు పోయింది. నాకు ఒళ్ళు మండింది. గొణుక్కుంటానే గాలి వచ్చే పక్కకు పొయ్యి అడ్డంగా కూర్చున్నాను. అక్క రెప్ప వెయ్యకుండా ఆ మంటనే చూస్తా ఉండాది. ఎక్కడ ఆరిపోతాదో అని, గొణిగేది మాని నేనూ బెదురుతా చూసినాను. చివరికి వత్తి తనంతట తానే కొండెక్కింది. అక్క మైనం అంటిన వేళ్ళు కళ్ళకద్దుకుని, "ఇంక ఆకలేస్తా ఉండాదిరా" అని సంచిలోని జామకాయ తీసింది.

తర్వాతి బస్సులో సీటు దొరికింది. చంద్రగిరి దాటినాక, నిద్రపోయిందనుకున్న అక్క అడిగింది.

"బాంబులు పడే కాడ గూడా ఆడోళ్ళు ఉంటారు గదా?"

"ఉంటారు."

"నా మాదిరే ఫోన్ కోసం చూస్తా ఉంటారా?"

"ఆడ ఫోన్లు ఉండాయో లేదో అక్కా."

అక్క కొంగు సర్దుకుని నా వైపు తిరిగింది.

"అయితే నా మొక్కు వాళ్ళకు గూడా అని నీ స్నేహితునికి చెప్పు."