మొక్కు తీరాక బయటపడ్డ గడ్డ

మృత్యువుతో నేను చేసిన మహాసంగ్రామం గురించి చెబుతాను, గుండె చిక్కబట్టుకోండి. పద్దెనిమిది పర్వాలు పడుతుందనే మొదలుపెట్టాను గానీ, నిజానికి శత్రువు రానే లేదు. కత్తి తిప్పింది నేనొక్కడినే.

ఇంటర్ పాసైతే కొండకు జుట్టూ గడ్డమూ ఇస్తానని పదహారో ఏట మొక్కుకున్నాను. స్వామికి తొందర లేదు, నాకు చదువు లేదు. నాలుగేళ్ళు పట్టింది. వడమాలపేటలో పెళ్ళిచూపులకు కూడా గడ్డం నాతోపాటే వచ్చింది. ముహూర్తం పెట్టుకున్నాక కళ్యాణకట్టలో అంతా గీయించుకుని, తిరుపతికి దిగి అద్దం చూసుకుంటే, గొంతు మధ్యన గడ్డ! మింగితే పైకి పోతుంది, కిందికి వస్తుంది. థైరాయిడ్ గ్రంథికి రాచపుండు వస్తే గడ్డ ఇలాగే కదులుతుందని వారం కిందటే ఏదో పత్రికలో చదివాను. చదువు ఎక్కడ అక్కరకొచ్చిందో చూశారా!

వెంటనే కాబోయే మామకు, 'మీ అమ్మాయిని వేరొకరికి ఇచ్చుకోండి, నేను పోతున్నాను' అని ఉత్తరం రాసి, పంపమని నాయనకిచ్చాను. గొంతుకు విశ్రాంతి కోసం మౌనవ్రతం పట్టాను. ఐదో రోజు నాయన ఆసుపత్రికి లాక్కుపోయాడు.

డాక్టరు మెడ తడిమి, "యాడప్పా గడ్డ?" అన్నాడు.

మింగి చూపించాను. ఆయన నన్ను వరండాలోకి నడిపించి, బెంచీ మీది రోగులతో, "అందరూ ఒకతూరి గుటకేయండప్పా" అన్నాడు. ఏడు గొంతుల్లో ఏడు గడ్డలు కవాతు చేశాయి. ఎనిమిదోది మా నాయనది.

"వయసొచ్చిన మగోళ్ళందరికీ ఉండే గొంతు బుడిపె అది. నీది గడ్డం చాటున పెరిగినాది. గ్రంథి ఇంకా కిందుండాది, బాగుండాది."

వ్రతం భంగమైంది. "ఆ పుండు ఎప్పటికీ రాకుండా, మదరాసులో ఎక్స్‌రే కాంతి పెడతారంట కదా సార్, ఒకతూరి..."

"రాకూడదంటే అది పెట్టకూడదు! పనిలేకుండా మెడకు ఆ కాంతి పట్టించేది, లేని పుండుకు పిలుపు పంపేదే. ఇంటికి పో."

మెట్లు దిగుతుంటే పెళ్ళి గుర్తొచ్చి నాయన చెయ్యి పట్టుకుని ఆపాను. "నాయనా, ఆ ఉత్తరం..."

నాయన జేబులోంచి తీసి చేతిలో పెట్టాడు. బిడ్డ తిక్క తెలిసి ఉత్తరం ఆపిన తండ్రి! నా కళ్ళు చెమర్చాయి. ఏడుకొండల వైపు తిరిగి అక్కడే ప్రతిజ్ఞ చేశాను: ఇక అద్దం ముందు కూర్చుని ఉత్తరాలు రాయను, అక్కర లేని కాంతికి మెడ చాచను.

"నా మీద ప్రేమతోనే ఆపినావు కదా నాయనా?"

"ఆపేదేంది? ఆ దినమే తపాలాఫీసుకు పోయినా. కవరు మీద పేరూ ఊరూ రాయల్యా నువ్వు. తిరిగిచ్చేసినారు."