పండ్ల చాప్టర్

ఇనుప గిన్నెల మీద గాజుపొడిని కాల్చి అతికించే ఎనామిల్ పూత గురించి ఏడాదిగా థీసిస్ రాస్తున్నాను. ఈ రోజు గైడ్ సార్ సంతకం కోసం దుబ్బాక నుంచి సిద్దిపేట దాకా బస్సులో నిలబడి వెళ్లాను. చూపిద్దామని ఆ పూత ఉన్న మా నానీ (అమ్మమ్మ) వాడిన తాంచీనీ గిన్నె కూడా పట్టుకెళ్లాను. సార్ అందులో తన బండి తాళాలు పడేసి, నా థీసిస్ పేజీలు చకచకా తిప్పేశారు.

"అంత మంచిగనే ఉంది గని, పండ్ల మీద ఒక్క ముక్క లేదేంది బిడ్డా?"

జామపండ్లా, సీతాఫలాలా అని నేను బిత్తరపోతుంటే, సార్ నోరు తెరిచి పెన్నుతో ముందు పన్ను మీద కొట్టి చూపించారు.

"సార్, గది పంటి ఎనామిల్. నాది గిన్నెల మీది పూత. రెండు వేరే వేరే."

"ఏం వేరే? గిన్నెలూ తోముతం, పండ్లూ తోముతం. పండ్ల మీద ఒక చాప్టర్ రాస్కొని రా, అప్పుడే సంతకం."

తుప్పు వదిలించకుండా పూత పూస్తే నిలవదని మొదటి పేజీలోనే రాశాను. ఇనుముకు పట్టిన తుప్పు తోమడం నాకు వచ్చు. బుర్రకు పట్టిన తుప్పు దేనితో తోమాలో తెలిసినవాళ్లు కామెంట్లో చెప్పండి.