పల్లకీలో ఎవరున్నారో

ఇంత చిన్న సంగతి రాయడం ఎందుకని ఊరుకోబోయాను. కానీ అన్నం తింటున్నా అదే గుర్తొస్తోంది.

చిన్నప్పుడు చదివిన దయ్యాల బొమ్మల కథల సంచిక ఒకటి మొన్న ఖమ్మంలో పాత కాగితాల కొట్టులో దొరికింది. శ్మశానానికి చీటీ మీద సరుకులు పంపే కిరాణా కొట్టాయన, శవానికి కొలతలు తీసి తనకే కోటు కుట్టుకున్న దర్జీ, అందరూ క్షేమంగానే ఉన్నారు. మొహాల్లేని బోయీలు పల్లకీ మోసే చివరి కథను మాత్రం తీరిగ్గా చదువుదామని దాచుకున్నాను. చిన్నప్పటి నా ప్రతికి వెనక అట్ట చిరిగిపోయింది, ఇప్పుడు దొరికినదానికి ఉంది. ముగింపు ఆ అట్ట లోపలి వైపే ఉంది. పల్లకీలో ఎవరున్నారో ఇన్నేళ్లుగా నాకు తెలియదు.

ఈ రోజు సంచికను వెంటబెట్టుకుని పెనుబల్లిలో చెల్లెలింటికి వెళ్లాను. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి వెనక అట్ట లేదు. దాని మీది కోరల రాక్షసుడు, వాళ్లు కట్టుకుంటున్న కొత్త ఇంటి ముందు, దిష్టికుండకు మైదాతో అతుక్కుని వేలాడుతున్నాడు.

"ఏందే ఇది?"

"బజార్ల గింత మంచి మొహం దొరకలే అన్నా. పుస్తకం నీకే ఉంచిన గద."

"కథ ఆఖరు దాని వెనకుంది. తీసియ్యి."

"కట్టినంక దిష్టిబొమ్మను ముట్టొద్దు, ఇంటికి మంచిది కాదు. ఆఖరుకేముంటది, దయ్యం అందర్నీ తినుంటది."

నాకు దయ్యాలంటే భయం లేదు గాని చెల్లెలంటే ఉంది. ఆ కథ చదివినవారు మీలో ఉంటే దయచేసి చెప్పండి.

సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. చెల్లెలు కుండకు పాలిథిన్ కవరు తొడిగింది. నేను బస్సెక్కాను.