కుడిచేతికి వేసిన పరంజా

2014 అక్టోబరులో నేను న్యూజెర్సీలోని ఒక ఆసుపత్రిలో, కాలిన గాయాల విభాగంలో అటెండింగ్ సర్జన్‌ని. అటెండింగ్ అంటే శిక్షణలో ఉన్న రెసిడెంట్లందరికీ పైనుండి, ప్రతి ఆపరేషన్‌కీ జవాబు చెప్పుకోవలసిన డాక్టరు. పేరు గొప్పే గాని, తిట్లు కూడా చివరికి ఆ మనిషికే వస్తాయి.

ఆ నెలలోనే రాజ్యలక్ష్మిగారు మా వార్డుకి వచ్చారు. అరవై దాటిన మనిషి, షుగర్ ఉంది. ఐసెలిన్‌లో పిండివంటల దుకాణం నడిపేవారు. ఇల్లంతా నూనె వాసన పట్టకూడదని మనవాళ్లు గ్యారేజీలో స్టవ్ పెట్టుకుంటారు కదా, పిస్కాటవేలో వాళ్లింట్లో అలాగే చుట్టాల కోసం గారెలు వేయిస్తుంటే మూకుడు ఒరిగింది. కాగుతున్న నూనె కుడిచేతి వెనకవైపు పడింది.

చచ్చిన చర్మం తొలగించాక, వేళ్లని ఆడించే స్నాయువులు బయటపడ్డాయి. వాటి మీద తొడ నుంచి తీసిన పలచటి చర్మాన్ని నేరుగా అతికిస్తే నిలవదు. నిలిచినా బిగుసుకుపోతుంది, పిడికిలి ముడుచుకోదు. జంతికల గొట్టం పట్టి తిప్పే చెయ్యి అది. దుకాణంలో పిండి కలిపే పని ఆమె ఇంకొకరికి వదిలేవారు కారట. ఇంకో దారి, చేతిని పొట్ట దగ్గర కుట్టి, అక్కడి చర్మం చేతికి పట్టేదాకా కొన్ని వారాలు అలాగే ఉంచడం. షుగర్ ఉన్న మనిషికి ఆ దారి నాకు నచ్చలేదు.

మిగిలింది స్కాఫోల్డ్. ఇల్లు కట్టేవాళ్ల పరంజాయే ఆ మాటకి అర్థం. ఇంగ్లీషులో అది చాలా ఇళ్లు తిరిగింది. పూర్వం ఉరి తీసే వేదికనీ స్కాఫోల్డ్ అన్నారు. ఇప్పుడు టీచర్లు, పిల్లాడికి పాఠం అందేదాకా ఇచ్చే ఆసరానీ అలాగే అంటున్నారు. నా చేతిలో మాత్రం అది స్పాంజిలాంటి పలచటి పొర. గాయం మీద పరిస్తే, రోగి కణాలే అందులోకి పాకి చర్మం అడుగుపొరని కట్టుకుంటాయి. కొన్ని వారాలయ్యాక దానిమీద పలచటి చర్మం వేస్తాం.

చిక్కల్లా అది దేంతో చేస్తారన్నదే. ఆవు స్నాయువు నుంచి తీసిన కొలాజెన్, సొరచేప నుంచి తీసిన ఇంకో పదార్థం. రాజ్యలక్ష్మిగారేమో గుడ్డు తగిలిన గరిటె కూడా ముట్టని మనిషి.

కొడుకు కిరణ్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కారిడార్‌లో నన్ను పట్టుకున్నాడు. "ఆంటీ, ప్లీజ్, అమ్మకి ఆవుది అని చెప్పకండి. ఏదో ప్రోటీన్ షీట్ అనండి, చాలు. తెలిస్తే సైన్ చెయ్యదు. చెయ్యి పోతుంది ఆంటీ! నేనే ట్రాన్స్‌లేట్ చేస్తాను."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అమ్మకీ తెలుగొచ్చు, నాకూ తెలుగొచ్చు. మధ్యలో నువ్వెందుకు నాన్నా?" అన్నాను. రోగి తరఫున ఇంట్లోవాళ్లు అనువదించకూడదని మా ఆసుపత్రి నియమం. డాక్టరు నేరుగా మాట్లాడాలన్నా ఆ భాషలో పరీక్ష పాసవ్వాలి. అమెరికాలో కూర్చుని తెలుగు పరీక్ష రాసిన ఘనత నాది, ఏం చెప్పమంటారు!

కోపం సంగతి అలా ఉంచితే, భయం నాకూ ఉంది. కిరణ్ చెప్పింది తప్పు కాదు. ఆమె వద్దంటే ఆ చెయ్యి పనికి రాదు, నేను చూస్తూ ఊరుకోవాలి. అయినా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అన్నీ తెలుసుకోవాలని ఉందా, లేక కొడుక్కి చెప్పమంటారా అని ముందు అడిగాను. తనకే చెప్పమన్నారు. గాయం మీద పరంజాలాంటి పొర పరుస్తామని చెప్పి, అందులో ఉన్న ఆవూ, సొరచేపా, రెండూ చెప్పాను.

ఆమె కట్టు కట్టిన చేతిని చూసుకున్నారు. "పరంజా అంటున్నారు. పనయ్యాక విప్పేస్తారా మరి?" అని అడిగారు.

విప్పేస్తామంటే నా పని సులువయ్యేది. కాని విప్పం. చర్మం కట్టుకుంటూ కట్టుకుంటూ ఒళ్లే దాన్ని అరిగించుకుంటుందని ఉన్నదున్నట్టు చెప్పాను.

"అరిగించుకోవడమా! శివశివా!" అని మొహం తిప్పుకున్నారు. రేపు చెబుతానన్నారు. గాయం ఎక్కువ రోజులు ఆగేది కాదు. అక్కడితో ఆ చెయ్యి పోయినట్టేననుకున్నాను.

మర్నాడు ఉదయం రౌండ్స్‌కి వెళ్లేసరికి కిరణ్ అక్కడే నిలబడి ఉన్నాడు. రాజ్యలక్ష్మిగారు నాతో మాట్లాడలేదు, కొడుకు వైపు తిరిగారు.

"ఏముందిరా అందులో?"

"కొలాజెన్, అమ్మా."

"దేనిది?"

కిరణ్ నా వైపు చూశాడు. నేను కేస్‌షీట్ వైపు చూశాను.

"ఆవుది, అమ్మా."

"ఇంకా?"

"సొరచేపది."

"ఆ మాట నిన్ననే నీ నోట ఎందుకు రాలేదు?" అన్నారామె. కళ్లనిండా నీళ్లు, గొంతులో మాత్రం దుకాణం యజమాని దర్జా. "మన కొట్లో ప్రతి ప్యాకెట్ మీదా ఏ నూనో, ఏ పిండో రాయించాకే అమ్ముతాను. పల్లీలు పడని పిల్లలుంటారని ఎన్నిసార్లు చెప్పాను నీకు? ఊరందరికీ చెప్పేదాన్ని, నా ఒంట్లో పెట్టేది నాకు చెప్పకూడదా?"

తర్వాత నాకేసి తిరిగారు. "ఆవుకి రోజూ దణ్ణం పెట్టేదాన్నే డాక్టరుగారూ. అది నాకు చెయ్యి ఇస్తానంటే కాదంటానా? సొరచేపకి ఏం మొక్కాలో మాత్రం తెలీదు." మా రెసిడెంట్ అమెరికన్ కుర్రాడు. అందరం ఎందుకు నవ్వామో వాడికి అర్థం కాలేదు. ఆమె ఎడంచేత్తో సంతకం పెట్టారు.

పొర పట్టుకుంది. ఆ పైన వేసిన చర్మమూ పట్టుకుంది. వేసవిలో చూపించుకోవడానికి వచ్చినప్పుడు పిడికిలి బిగించి చూపించారు. చిటికెన వేలు మాత్రం పూర్తిగా ముడుచుకోలేదు. జంతికలకి నాలుగు వేళ్లు చాలన్నారు.

రిటైరయ్యేవరకు నా రెసిడెంట్లకి ఈ కేసు చెప్పేదాన్ని, పేరు లేకుండా. రాజ్యలక్ష్మిగారు ఆ పొర వద్దనేసి ఉన్నా అదే చెప్పేదాన్ని. రోగి నిజం తట్టుకోగలరా అని ఇంట్లోవాళ్లందరినీ అడుగుతాం. అడగవలసింది మంచం మీదున్న మనిషిని.