గరాజ్‌లో బజ్జీలు

గీతాంజలి ఉద్యోగం ఏమిటో వాళ్ళమ్మకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అమెరికాలోని బెంటన్‌విల్‌లో ఒక పెద్ద దుకాణాల కంపెనీ హెడ్డాఫీసుంది. అందులో కాంట్రాక్టు మీద పనిచేస్తూ, ఏ ఊళ్ళో ఏ వారం ఎన్ని అరటిపళ్ళు అమ్ముడుపోతాయో చెప్పే ప్రోగ్రాములో తప్పులు వెతుకుతుంది. "అరటిపళ్ళ ఆఫీసు" అని కొత్తగూడెంలో వాళ్ళమ్మ ఇరుగుపొరుగుకి చెప్పుకుంటుంది.

శని, ఆదివారాలు మాత్రం ఆమె చేతికి పాళీ, బల్ల మీదికి సిరాబుడ్డి వస్తాయి. ఇంటర్‌లో ఉండగా సగం క్లాసు బోటనీ రికార్డులకి బొమ్మలు ఆమే వేసిపెట్టేది. మందారపువ్వును నిలువునా కోస్తే లోపల ఏది ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని గీసేది. ఇప్పుడు పువ్వుల జోలికి పోవడం లేదు. ఇళ్ళను అలా నిలువునా కోసి చూపిస్తోంది.

అవి మాటల్లేని కథలు. మందపాటి కాగితాల మీద వరసగా గళ్ళు, గడికొక దృశ్యం, అంతా నల్లసిరా. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయల్దేరి సాయంత్రం దాకా పార్కింగ్ లాట్‌లో కూర్చునే మనిషి కథ ఒకటి. కొడుకు దగ్గరికొచ్చిన పెద్దాయన కాలిబాట లేని రోడ్డు పక్కన గడ్డిలో వాకింగ్‌కి వెళ్తే, పోలీసు కారు ఆగి "దారి తప్పారా?" అని అడిగే కథ ఇంకొకటి. ఊరి లైబ్రరీలో పనిచేసే ఒకావిడ వీటిని చూసి ముచ్చటపడి, మెట్ల దగ్గర గోడను నెల్లాళ్ళపాటు ఇస్తానంది. సోమవారానికల్లా బొమ్మలు అందించాలి.

ఆ గోడ కోసమే గీతాంజలి కొత్త కథ గీసింది. దాంతోనే చిక్కొచ్చింది.

అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో నూనె కాగేది వంటగదిలో కాదు, గరాజ్‌లో. ఇల్లంతా వాసన పట్టకుండా కారు బయట పెట్టి, షట్టరు సగం ఎత్తి, మడతబల్ల మీద చిన్న గ్యాస్ పొయ్యి పెడతారు. చలికాలమైనా అంతే. జనవరిలో, గీతాంజలి అక్కా అని పిలిచే మనీషా ఇంట్లో పార్టీ జరిగిన రోజున మనీషా మోకాళ్ళ దాకా ఉన్న చలికోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, పొగలో నిలబడి మిరపకాయ బజ్జీలు వేసింది. లోపల వెచ్చటి హాల్లో క్రికెట్టు నడుస్తోంది. పళ్ళెం నిండుగా లోపలికెళ్ళేది, ఖాళీగా బయటికొచ్చేది. చివరి పళ్ళెం కూడా ఖాళీ అయ్యాక, ఆవిడ మూకుట్లో అడుగున మిగిలిన పిండి ముక్కలు ఏరుకుని తిన్నది.

కథంతా ఇదే. ఎవరినీ నొప్పించకూడదని గీతాంజలి మనుషులందరినీ వెనక నుంచే గీసింది. అలా గీస్తే ఎవరూ గుర్తుపట్టరని ధీమాగా, శనివారం ఉదయం బొమ్మల ఫొటోలు తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి స్నానానికి వెళ్ళింది.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఫోను మోగుతోంది. అవతల రజిని, భర్త భాస్కర్‌తో మనీషా వాళ్ళ కాలనీలోనే ఉంటుంది.

"గీతా, మా గరాజేనా అది? నిజం చెప్పు."

"మీది కాదు రజినీ."

"గోడకి నిచ్చెన వేలాడట్లా? మాది కాకపోతే ఎవరిది? భాస్కర్ అయితే సోఫాలో కూర్చున్నది తనేనని పొద్దున్నుంచి ఒకటే గొణుగుడు. ఇప్పుడు వాక్యూమ్ చేస్తున్నాడులే. ఇంకో నాలుగు బొమ్మలు వెయ్యి తల్లీ, బాత్‌రూములు కూడా అయిపోతాయి."

తర్వాత ఆ కాలనీలోనే ఉండే అన్నపూర్ణగారు ఫోన్ చేశారు. ఆ కోటు తనదేనట, చేతి మీద చిరుగు కూడా సరిగ్గా గీశావని మెచ్చుకున్నారు. ఆ చిరుగు పాళీ జారి పడిన గీత. మధ్యాహ్నానికి గ్రూపులో గరాజ్ తమదంటే తమదని వాదులాట మొదలైంది. కాలనీలో ఇళ్ళన్నీ ఒకే బిల్డరు కట్టినవి. గరాజ్‌లు ఒక్కలాంటివి, నిచ్చెనలు ఒక్క షాపువి, చలికోట్లు ఒక్క సేల్‌లో కొన్నవి. అందరూ తమని తాము గుర్తుపట్టుకున్నారు.

గీతాంజలికి నవ్వాగలేదు, సాయంత్రం దాకా. అప్పుడు గమనించింది, మనీషా నుంచి మాటా పలుకూ లేదు. చూసినట్టు నీలం టిక్కులు మాత్రం ఉన్నాయి.

మొట్టమొదట ఈ ఊరొచ్చినప్పుడు, అపార్ట్‌మెంట్ దొరికేదాకా గీతాంజలి ఉన్నది మనీషా ఇంట్లోనే. జ్వరమొస్తే చారన్నం వచ్చేది అక్కడినుంచే. డ్రైవింగ్ టెస్టులో రెండుసార్లు ఫెయిలైతే పక్కన కూర్చుని తిట్టి నేర్పించింది మనీషాయే. ఈ ఊళ్ళో తలుపు కొట్టకుండా వెళ్ళగలిగే ఇల్లు అదొక్కటే. గోడ మీది బొమ్మ కోసం ఆ ఇల్లు పోతుందా?

ఆదివారం మధ్యాహ్నం కాగితాలు అట్టల మధ్య పెట్టుకుని బయల్దేరింది. మొదటిసారిగా ఆ ఇంటి బెల్లు కొట్టింది.

తలుపు తీసిన మనీషా బెల్లు వైపు, మనిషి వైపు చూసింది. "ఏంటి, పార్శిల్ తెచ్చావా?"

"అక్కా, ఆ బొమ్మలు లైబ్రరీకి ఇయ్యను. వేరేవి పెడతా."

"ఇవ్వొద్దని నేనన్నానా?"

"నువ్వు ఏమీ అనలేదు కదా, అందుకే."

మనీషా లోపలికి నడిచింది. వంటగది మధ్యనున్న గట్టు మీద గిన్నెలు పక్కకి జరిపి, "తియ్యి, ఫోన్లో సరిగ్గా కనపళ్ళేదు" అంది. ఒక్కో కాగితం పరిచి, తీరిగ్గా, పెళ్ళి ఆల్బమ్ చూసినట్టు చూసింది. పొగ గీసిన చోట ఆగింది. "ఇది బాగుంది. కళ్ళు మండినట్టే ఉంది." హాలు గీసిన కాగితం దగ్గర మళ్ళీ ఆగింది. "ఇది మా కిరణ్. ఇది భాస్కర్. ఈ బట్టతల శేషగిరిగారిది. మరి నువ్వేదమ్మా?"

"నేనా?"

"ఆ రోజు నువ్వెక్కడున్నావు? గరాజ్‌లో నా పక్కనున్నావా?"

ఆ రోజు గీతాంజలి హాల్లో సోఫాలో, మనీషా భర్త కిరణ్‌కుమార్‌కీ, భాస్కర్‌కీ మధ్య కూర్చుని ఉంది. ఆఫీసు కబుర్లు, వీసా కబుర్లు. ఉద్యోగం చేసే పిల్ల కదా అని ఎవరూ లెమ్మనలేదు, తనకీ లేవాలని తోచలేదు.

"తలుపు సందులోంచి చెయ్యి చాపి, అక్కా ఇంకో ప్లేట్, ఉల్లిపాయ ఎక్కువెయ్యి అన్నదెవరు? మగాళ్ళు ఒకసారి అడిగితే నువ్వు మూడుసార్లడిగావు. అందరినీ గీశావు, నువ్వు మాత్రం మాయం. రాత్రంతా ఒళ్ళు మండిపోయింది నాకు. నా గరాజ్ గీసినందుక్కాదు."

గీతాంజలి కాగితం వైపు చూసింది. సోఫా మధ్యలో తెల్లగా ఖాళీ ఉంది. బొమ్మకి కాస్త గాలి ఆడాలని వదిలానని తనకి తాను చెప్పుకున్న చోటది.

"ఇప్పుడు వెయ్యనా అక్కా? సిరా కార్‌లో ఉంది. కానీ చెడితే మొత్తం పోతుంది, చెరపడం కుదరదు."

"చెడనీ."

సిరాబుడ్డి తెచ్చింది. పెన్సిలుతో గీసుకోకుండా నేరుగా పాళీ ముంచింది. ఆ ఖాళీలో ముందు చాచిన చెయ్యి, చేతిలో పళ్ళెం, తర్వాత భుజం, జడ. జడ కొంచెం వంకర పోయింది. మనీషా స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

"నీ జడ అంత లావుండదు."

"అక్కా!"

"పళ్ళెం ఇంకా ముందుకి పెట్టు. ఆ రోజు దాదాపు నా మూకుట్లో పెట్టావు."

జుట్టంతా నల్లగా నింపాక సిరా చెరువులా నిలిచింది. కాగితాన్ని కదిపితే కారిపోతుంది. సరిగ్గా అప్పుడు కిరణ్‌కుమార్ టీ పెట్టుకుందామని పైనుంచి దిగి వచ్చి, గట్టు మీదికి వంగి చూశాడు.

"గీతా, నా వీపు ఇంత వెడల్పా?"

"పొయ్యి దగ్గరికి పోకు, గట్టు తగిలితే బొమ్మ పోతుంది," అంది మనీషా.

"మరి టీ?"

"గరాజ్‌లో పొయ్యి ఉందిగా."

అతను ఇద్దరినీ చూశాడు. నవ్వులాట కాదని అర్థమై, ఫ్రిజ్‌లోంచి పాల క్యాన్ తీసుకుని, చలికోటు తగిలించుకుని వెళ్ళాడు. కాసేపు గిన్నెల చప్పుడయింది.

"మనీ! ఇక్కడ చచ్చే చలిగా ఉంది! చక్కెర ఎక్కడ?"

మనీషా తడి సిరా మీద నుంచి కళ్ళు తిప్పలేదు. "నాకేమీ వినపళ్ళేదు. నీకు?"

"లేదక్కా," అంది గీతాంజలి, పాళీ తుడుచుకుంటూ.