మా ఆడపడుచు ముక్కు

బస్సులో ఒక గుబురుమీసాలాయన తన ఇనప్పెట్టె తెచ్చి మా ఆడపడుచు బుట్ట మీద పెట్టబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"కుక్కగొడుగులకు కూడా సీటు కావాలా అమ్మా?" అన్నాడాయన. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు.

"నీ పెట్టె సొట్టపడితే సుత్తితో బాదుకుంటావు బాబూ. ఇవి నలిగితే నువ్వు మొలిపిస్తావా?" అంది, గొంతైనా పెంచకుండా.

దిగేదాకా ఆ పెట్టె ఆయన ఒళ్ళోనే ఉంది. పక్కనున్న నాకు పనే మిగల్చలేదు.

ఆవిడ ఉద్యోగం అదే. వానలు పడితే అడవికి వెళ్ళి పుట్టగొడుగులు ఏరి, మొక్కల మీద పరిశోధనలు చేసే తోటవాళ్ళు నమూనాలు దాచే గదికి ఇవ్వడం. "కూరకు పనికిరానివాటికి ఇంత సేవా?" అని నేనూ ఎకసెక్కాలాడినదాన్నే. చూడగా చూడగా తెలిసింది. మొదలు తెగకుండా చాకుతో పెళ్ళగిస్తుంది. దేనికది కాగితంలో చుడుతుంది, ప్లాస్టిక్ సంచీలో అయితే చెమటపట్టి కుళ్ళుతాయట. ఇంటికి రాగానే మంచినీళ్ళైనా తాగకుండా చీటీ రాస్తుంది: ఏ చెట్టు కింద దొరికింది, ఏ రంగు, ఏ వాసన. ఆ తర్వాతే ఆరబెట్టడం. ఎండితే రంగు మారుతుంది, వాసన ఎగిరిపోతుంది. ఇక ఎప్పటికీ చీటీ చెప్పిందే నిజం.

ఈ వానల్లో ఒకరోజు పాలు మాడిన కంపు పెరట్లో నాకు కొట్టింది. పరిగెత్తుకొచ్చి చూద్దును కదా, ఆవిడ పొయ్యి పక్కనే కూర్చుని చీటీ రాసుకుంటోంది.

"ముక్కు ఎక్కడైనా పారేసుకున్నావా ఏమిటే?" అన్నాను.

నల్లబడ్డ గిన్నె చూసి మొహం పాలిపోయింది. సబ్బు తీసి వాసన చూసింది. కాఫీపొడి చూసింది. ఉల్లిపాయ కోసి ముక్కుకు ఆనించుకుంది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి గానీ వాసన రాలేదు.

"జ్వరం తగిలినప్పట్నుంచీ అనుమానంగానే ఉంది వదినా. జలుబేలే అనుకున్నా."

"మరి చీటీల్లో ఏం రాస్తున్నావు?"

"చూడగానే ఫలానాదని తెలుస్తుంది కదా. దానికెప్పుడూ ఉండే వాసనే రాశా. రాస్తుంటే నిజంగా వస్తున్నట్టే ఉండేది."

కవలల్లాంటి తెల్లవి రెండు రకాలున్నాయని ఆవిడే చెప్పింది. ఒకటి తినొచ్చు, రెండోది ప్రాణం తీస్తుంది. తేడా తెలిపేవాటిలో వాసనొకటి. ఎవరైనా తిని ఆసుపత్రిలో పడితే డాక్టర్లు అడిగేది ఆ గదివాళ్ళనే, వాళ్ళు తీసి చూసేది ఈ చీటీలనే.

అప్పట్నుంచీ ఆవిడకు ముద్ద దిగడంలేదు. చెప్తే పనిలోంచి తీసేస్తారు. చెప్పకపోతే ఆ అబద్ధం ఆవిడ పేరు పెట్టుకుని అక్కడే కూర్చుంటుంది.

"నా ముక్కు బాగానే ఉందిగా, నేను చూసి చెప్తా, నువ్వు రాసుకో. ఎవడికి తెలుస్తుంది?" అన్నాను.

"ఇకమీదటివాటికి సరే. ఎండిపోయినవాటికి ఎవరి ముక్కు పెడతావు?"

రోజూ ఆవిడ చెప్పేస్తానని బయల్దేరి, ఆ గది పెద్దాఫీసరు బల్లదాకా వెళ్ళి, చీటీలు కట్టే దారం అడిగి తిరిగొస్తోంది. ఇంట్లో దారం ఉండలు పెరిగాయి, మాట మాత్రం గొంతు దాటలేదు.

ఇవాళ పొద్దున తల దువ్వుకుంటూ అంది: "వదినా, రేపు నువ్వూ రా. నేను లోపలికెళ్ళాక గుమ్మానికి అడ్డంగా నిలబడు. చెప్పేదాకా నన్ను బయటికి రానివ్వకు."