పసుపు రాసిన బిరడా

ఒక మంచి స్నేహితుణ్ణి, అతను ముచ్చటపడి కొనుక్కున్న పడవని, పిల్లనిచ్చిన మామగారిని ఒకే ఉదయం ఒకే చెరువులో ముంచబోయిన ఘనత మా వంశంలో నాకు తప్ప ఇంకెవరికీ లేదు. చెరువన్నానని తేలిగ్గా తీసుకోకండి. న్యూయార్క్ రాష్ట్రంలో ఎక్కడో పైన, కొండల మధ్య ఉన్న పెద్ద సరస్సు అది. లోతెంత అని అడిగితే అక్కడివాళ్ళు నవ్వి ఊరుకుంటారు. నాకు ఈత రాదు. మామగారికి వచ్చో రాదో అప్పటిదాకా అడగాలనే తోచలేదు.

ముందు మామగారి గురించి చెప్పాలి. ఆయన రాజమండ్రి వైపు బస్సు డిపో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. గోదావరి మనిషి. నాది అనంతపురం. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే మిగతా కథ సగం మీకే అర్థమైపోతుంది. జీపీఎస్ డబ్బాని కారు అద్దానికి అంటించుకుని తిరిగే రోజులవి. ఆ శీతాకాలం ఆయనా అత్తగారూ జెర్సీ సిటీలో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. ఇండియన్ స్టోర్ నుంచి నేను తెచ్చిన చేపని మామగారు మొదటి వారమే కంచంలో అటూ ఇటూ తిప్పి చూసి, ఐసులో హాయిగా పడుకున్నదాన్ని లేపి పులుసు పెట్టడం పాపమన్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. మా ఆవిడ సునీతతో ఇంకో మాట కూడా అన్నారు.

"అల్లుడుగారిని ఏమనకమ్మా. పాపం, ఆయనది నీళ్ళు లేని ఊరు. చేప సంగతి ఆయనకేం తెలుస్తుంది చెప్పు."

ఆ "పాపం" ఉంది చూశారా, అది నా గుండెల్లో దిగింది. తిట్టినా పడేవాణ్ణి. జాలిపడితే ఎలా ఊరుకుంటాను? మామగారు మే నెలలో విమానం ఎక్కేలోపు నా చేత్తో పట్టిన చేప పులుసు ఆయనకి తినిపిస్తానని, ఇక్కడ ఏటా వసంతంలో నేను ట్రౌట్ చేపల వేటకి వెళ్తూనే ఉంటానని అనేశాను. నేను అప్పటికి గాలం పట్టుకున్నది లేదు. సునీత పొయ్యి దగ్గర్నుంచి ఒకసారి నా వైపు చూసి మళ్ళీ తిరగమోత పెట్టుకుంది.

ఇప్పుడు పడవ కావాలి. ఆఫీస్‌లో నా పక్క సీటు డేవ్ ఆ శీతాకాలంలోనే సెకండ్ హ్యాండ్‌లో ఒక పడవ కొన్నాడు. మంచు కరిగాక దాన్ని ఎప్పుడు నీళ్ళలోకి దించుతానా అని రోజూ లంచ్ దగ్గర దాని ఫోటోలు చూపించేవాడు. ఊరికే తీసుకెళ్ళమంటే బాగుండదని అతనికి ఇంకో అబద్ధం చెప్పాను. మా మామగారు గోదావరిలో పుట్టి పెరిగిన జాలరి అనీ, ఆయన నీళ్ళ వైపు చూస్తే చాలు చేపలెక్కడున్నాయో చెప్పేస్తారనీ అన్నాను. డేవ్ మొహం వెలిగిపోయింది. అంతటి పెద్దాయన వస్తే తనకి అంతకంటే కావలసిందేముందన్నాడు.

అలా ఇద్దరికీ చెరో అబద్ధం అంటగట్టాను. మామగారి ఇంగ్లీషు డేవ్‌కి అర్థం కాదు, డేవ్ యాస మామగారికి అందదు. మధ్యలో అనువాదకుణ్ణి నేనే కాబట్టి భయమేమీ లేదనుకున్నాను.

ఆ చేపని పట్టే పద్ధతిని ట్రోలింగ్ అంటారు. అంటే ఇప్పటి పిల్లలు ఫోన్లలో చేసేది కాదండి. పడవని ఎద్దుబండి నడిచినంత నెమ్మదిగా నడుపుతూ, వెనకాల పొడుగాటి తీగలకి మెరిసే రేకు చేపల్ని కట్టి లాక్కుపోవడం. ఎండలు ముదిరితే ట్రౌట్ చల్లదనం వెతుక్కుంటూ అడుగుకి పోతుంది. వసంతంలో పైనీళ్ళు కూడా చల్లగా ఉంటాయి కాబట్టి పైపైనే తిరుగుతుంది. ఇదంతా నేను ముందురోజు ఇంటర్నెట్‌లో చదివి, దారి పొడుగునా కార్‌లో మామగారికి స్వానుభవంలా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

సరస్సు దగ్గర పడవల్ని నీళ్ళలోకి దించడానికి సిమెంటు వాలు ఒకటి ఉంది. పక్కనే పార్కింగ్‌లో డేవ్ తన ట్రక్కూ, దాని వెనక ట్రైలర్ మీద పడవా పెట్టుకుని మాకోసం చూస్తున్నాడు. మామగారు పడవని ఒకసారి చుట్టి వచ్చి, దీనికి పూజ అయిందా అని అడిగారు. కొత్త బండి పూజ లేకుండా డిపో గేటు దాటడం ఆయన సర్వీసులో జరగలేదట. సంచీలోంచి స్టీలు పళ్ళెం, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపుతాడు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. అరటిపళ్ళు వచ్చేసరికి డేవ్ కంగారుపడ్డాడు. పడవలో అరటిపండుంటే చేప పడదని అక్కడి వేటగాళ్ళ నమ్మకమట. అవి దేవుడి కోసమని చెబితే, దేవుడికైతే పరవాలేదని టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

అసలు ప్రమాదం ఇక్కడ మొదలైంది. పూజకి పళ్ళెం సర్దుతుంటే డేవ్ బొటనవేలంత ఇత్తడి బిరడా ఒకటి నా చేతిలో పెట్టి, దీన్ని బిగించే పని నువ్వు చూసుకో అని, ట్రక్కు సర్దడానికి వెళ్ళిపోయాడు. ఏటా వేటకెళ్ళే మనిషిని కదా నేను. ఎక్కడ బిగించాలి అని అడగొచ్చు. పక్కనే మామగారు చెవులు నిక్కబొడుచుకుని ఉన్నారు. నేను తల పంకించి, ఆ బిరడాని తీసుకెళ్ళి పళ్ళెంలో కొబ్బరికాయ పక్కన పెట్టాను.

"ఇదేంటండి అల్లుడుగారూ?" అన్నారాయన.

"పడవ మొత్తానికి ముఖ్యమైన భాగం మావయ్యగారూ. ముందు దీనికే పూజ చెయ్యాలి."

నేను ఆ రోజు చెప్పిన మాటల్లో నిజం అదొక్కటే. అదీ నాకు తెలియకుండా చెప్పింది. మామగారు దానికి శ్రద్ధగా పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, పైన చామంతి పువ్వు పెట్టారు. ట్రైలర్ చక్రాల కింద నిమ్మకాయలు పడ్డాయి, స్టీరింగుకి పసుపుతాడు ముడిపడింది, కొబ్బరికాయ పగిలింది. ఈలోపు మా వెనక ట్రక్కుల వరస పెరిగి, ఒకాయన హారన్ మీద చెయ్యి వేశాడు. డేవ్ కిటికీలోంచి తల బయటపెట్టి, బిరడా సంగతి అయిందా అన్నాడు. నేను బొటనవేలు ఎత్తి చూపించాను. పళ్ళెం పళ్ళెంగా పడవ ముందు సీటు కింద పెట్టి, మామగారికి లైఫ్ జాకెట్ తొడిగి ఎక్కించాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పడవ వెనకభాగంలో అడుగున ఒక కన్నం ఉంటుంది. ఒడ్డున ఉన్నప్పుడు లోపల నిలిచిన నీళ్ళు పోవడానికి అది తెరిచి ఉంచుతారు. నీళ్ళలోకి దించేముందు దానికి బిరడా బిగిస్తారు. పడవ ఉన్నవాళ్ళు పిల్లల పేర్లయినా మరిచిపోతారేమోగానీ దాన్ని మరిచిపోరు.

నీళ్ళ మధ్యకి వెళ్ళాక డేవ్ వేగం తగ్గించి, ఎటు వెళదామో పెద్దాయన్ని అడగమన్నాడు. నేను తెలుగులో ఎలా ఉందని అడిగాను. మామగారు దూరంగా పైన్ చెట్లున్న ఒడ్డు వైపు వేలు చూపిస్తూ, అక్కడేమైనా బాత్రూమ్ ఉంటుందా అన్నారు.

"అటు వెళదామంటున్నారు," అని డేవ్‌కి చెప్పాను.

నమ్మండి నమ్మకపోండి, ఆ చెట్ల ముందు రెండో చుట్టులోనే మామగారి గాలం వంగింది. ఆయన సీట్లోంచి లేవకుండానే, డేవ్ సైగలు చూస్తూ తిప్పి తిప్పి చివరికి మూరెడు ట్రౌట్‌ని పడవలోకి లాగారు. డేవ్ ఆయన వైపు భక్తితో చూశాడు. నేను నిజంగానే సంతోషించాను. పులుసు ఖాయమైంది, అనంతపురం పరువు నిలబడింది. చేపని వెనక సీటు దగ్గర బకెట్టులో వేసి, నా గాలం కూడా వదిలి కూర్చున్నాను.

కాసేపటికి మామగారు కాళ్ళు కాస్త పైకెత్తి పెట్టుకున్నారు.

"అల్లుడుగారూ, పడవలో నీళ్ళుండటం మామూలేనాండి?"

వంగి చూస్తే చీలమండల దాకా ఉన్నాయి. నా గుండె ఆగింది. కానీ నోరు ఆగలేదు. కొన్ని పడవల్లో పట్టిన చేపల్ని బతికించడానికి నీళ్ళ తొట్టి ఉంటుందని ముందురోజే చదివాను.

"మామూలే మావయ్యగారూ. చేపలు తాజాగా ఉండాలని వదులుతారు."

ఆయన మెచ్చుకోలుగా తలూపి, బకెట్టులోని ట్రౌట్‌ని రెండు చేతులతో తీసి, నెమ్మదిగా మా కాళ్ళ మధ్య నీళ్ళలో వదిలారు. అది నా చెప్పుని ఒకసారి రాసుకుని సీటు కిందికి పోయింది.

ముందు స్టీరింగ్ దగ్గర నించుని చేపల జాడ చూపించే స్క్రీన్‌లో మునిగిపోయిన డేవ్, పెద్దాయన ఏమంటున్నారని అడిగాడు. నీళ్ళు బాగున్నాయంటున్నారు అన్నాను. డేవ్ సంతోషించాడు. పడవ కాస్త బరువుగా కదులుతోందనీ, బహుశా ముగ్గురం ఉన్నాం కాబట్టేమోననీ అన్నాడు. అవునవును అన్నాను. అప్పటికి నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. ట్రౌట్ ఇంకో చుట్టు తిరిగి వచ్చింది. మామగారు దాన్నే చూస్తూ, ఈ దేశంలో అన్నిటికీ ఏర్పాట్లు ఉంటాయండి అన్నారు.

అప్పుడే పళ్ళెం తేలింది. ముందు సీటు కిందనుంచి కొబ్బరిచిప్పలతో, అరటిపళ్ళతో, చామంతులతో తెప్పోత్సవంలా ఊరేగుతూ డేవ్ కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. అతను దాన్ని చూశాడు. తన బూట్లు చూసుకున్నాడు. సీటు కిందనుంచి ఈదుకొచ్చిన ట్రౌట్‌ని చూశాడు.

"బిరడా ఎక్కడ?" అన్నాడు చాలా మెల్లగా.

పళ్ళెం వైపు చూపించాను. పసుపూ కుంకుమతో, నెత్తిన పువ్వుతో ఇత్తడి బిరడా నిమ్మకాయ పక్కన మంగళప్రదంగా మెరుస్తోంది.

డేవ్ చెయ్యి స్విచ్‌ల మీదికి పోయింది. నీళ్ళు తోడే మోటారు స్విచ్ వేస్తే అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. పడవ నెమ్మదిగా పోతే ఆ కన్నంలోంచి నీళ్ళు లోపలికొస్తాయి, జోరుగా పోతే అందులోంచే బయటికి పోతాయి. మేం పొద్దుటినుంచీ ఎద్దుబండిలా పోతున్నాం కదా. గట్టిగా పట్టుకోండని ఒక్క మాట చెప్పి, డేవ్ ఇంజన్‌ని ఉన్నంత జోరుగా పరిగెత్తించాడు. పడవ మొదట మూలిగి, తర్వాత ముక్కు పైకెత్తి లేచింది. లోపలి నీళ్ళూ, కొబ్బరిచిప్పలూ, ట్రౌటూ ఒక్కసారిగా వెనక కూర్చున్న నా ఒళ్ళోకి వచ్చాయి. నేను పళ్ళెం పట్టుకోవాలో, చేపని పట్టుకోవాలో, దేవుణ్ణి పట్టుకోవాలో తేల్చుకోలేక మూడింటినీ పట్టుకున్నాను. ఇంకా నీళ్ళలోనే ఉన్న నా గాలం వెనకాల ఎగిరెగిరి పడుతూ వచ్చింది. చుట్టుపక్కల ట్రోలింగ్ చేసుకుంటున్న మర్యాదస్తులంతా మా వైపు చూశారు.

అలా ఆగకుండా వచ్చి, వాలు మీదికే ఎక్కించేశాడు డేవ్. పడవ వెనక కన్నంలోంచి నీళ్ళు ధారగా పోతుంటే ముగ్గురం ఒడ్డున నించుని చూశాం. నా ఒళ్ళంతా చలికి వణుకుతోంది. అంతకంటే సిగ్గు ఎక్కువగా ఉంది. ఎవరికి ముందు ఏం చెప్పాలో తెలియక, ఇద్దరికీ ఏదో అనువాదం మొదలుపెట్టబోయాను. డేవ్ చూపుల్లోని భక్తిని బట్టే మామగారికి నా అబద్ధాలు అర్థమైపోయినట్టున్నాయి. చెయ్యెత్తి నన్ను ఆపి, పదం పదం విడదీసి తనే ఇంగ్లీషు అందుకున్నారు.

"మిస్టర్ డేవ్. హీ, నో వాటర్ టౌన్. ఐ, బస్ డిపో. ఫిష్, వుయ్ బోత్, ఓన్లీ ఈటింగ్."

ఇన్నాళ్ళూ అందదనుకున్న ఆ ఇంగ్లీషు డేవ్‌కి అక్షరం పొల్లుపోకుండా అందింది. అతను తడి సిమెంటు మీద కూర్చుండిపోయి నవ్వాడు. నవ్వు ఆగాక తన సంగతీ చెప్పాడు. సొంత పడవ నడపడం అతనికి అదే మొదటిసారట. గోదావరి జాలరి పక్కనుంటాడు కదా అన్న ధైర్యంతోనే, బిరడా సంగతి తను చూసుకోకుండా దించేశాడట.

అది శనివారం కాబట్టి మామగారు ఆ రోజు చేప ముట్టరు. సునీత సాయంత్రం పులుసు పెట్టి ఉంచింది. ఆదివారం మామగారు మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకున్నారు.

"చేపలో ముళ్ళు తక్కువేనండి," అన్నారు కళ్ళు తెరిచి. "ఏరి పక్కన పెట్టాల్సినవన్నీ అల్లుడుగారి మాటల్లోనే ఉన్నాయి."

అని ఇంకో ముక్క వేయించుకున్నారు. ఒళ్ళో పడ్డ చేపని చివరికి నా చేత్తోనే పట్టాను కదా, మాట నిలబడింది, మనిషే కాస్త తడిశాడు. ఆ "పాపం" మళ్ళీ ఆయన నోట రాలేదు.

మరుసటేడు వసంతానికి ఆయన మళ్ళీ వచ్చారు. నా కోసమనో కూతురి కోసమనో అనుకునేరు. డేవ్ కోసం. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. అయినా పొద్దున్నించి మధ్యాహ్నం దాకా నీళ్ళ మీద కబుర్లు చెప్పుకుంటారు. అనువాదకుడు అక్కర్లేదన్నారు. నా ఉద్యోగం ఒడ్డున. బయల్దేరే రోజు ఇంట్లోనే మామగారు బిరడాని పసుపుతాడుకి కట్టి, నా మెళ్ళో వేసి ముళ్ళు వేస్తారు. వాలు దగ్గర డేవ్ వచ్చి తీసి, కన్నానికి బిగించుకుని వెళతాడు. తిరిగొచ్చాక మళ్ళీ నా మెళ్ళోకే. మొదటిసారి అది చూసి సునీత, మీరు నాకు మూడు ముళ్ళే వేశారు, నాన్న మీకు ఏడు వేశారు, ఇక ఎక్కడికీ పోలేరు అంది.

కాబట్టి ఆ పసుపుతాడు సాక్షిగా, అనంతపురం మీద ఒట్టేసి, అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా తెలియని వస్తువు నా చేతిలో పెడితే, ఇది ఎక్కడ పెట్టాలండీ అని అడగకుండా దానికి బొట్టు పెట్టను.